గ్రీస్ క్లాసికల్ టూర్: మైసీని, ఒలింపియా, డెల్ఫీ, మెటియోరా బస్సులో చుట్టొచ్చినవాళ్లు సలహా ఇవ్వండి

నల్లమలబాట (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. వచ్చే ఏప్రిల్‌లో అమ్మానాన్నల్ని గ్రీస్ తీసుకెళ్లాలనుకుంటున్నాను. నాన్న హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. సాంటోరినీ ఫొటోలు చూపిస్తే "అవి తర్వాత, ముందు ఒలింపియా ఉందా లేదా చెప్పు" అన్నారు. అందుకే దీవుల జోలికి పోవట్లేదు. ఏథెన్స్‌లో ఎక్కించుకుని ఎపిడారస్, మైసీని, ఒలింపియా, డెల్ఫీ, మెటియోరా తిప్పి మళ్లీ ఏథెన్స్‌లో దింపే నాలుగు రోజుల గైడెడ్ టూర్ చూస్తున్నాను. క్లాసికల్ టూర్ పేరుతో చాలా కంపెనీలు అమ్ముతున్నాయి.

గైడెడ్ టూర్ మేలా, కారు అద్దెకు తీసుకోవడం మేలా? అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఎక్కడెక్కడ ఇబ్బంది పడుతుంది? మేం శాకాహారులం, అమ్మ గుడ్డు కూడా ముట్టదు. ఇక మా ఆవిడ ప్రశ్న: వరసగా అన్ని రోజులు రాళ్లే చూస్తే విసుగు రాదా?

కాస్త వివరంగా చెబితే రుణపడి ఉంటాను.

రైన్‌తీరం (జర్మనీ)

మేం అత్తయ్యగారినీ మామయ్యగారినీ తీసుకుని ఇదే రూట్లో వెళ్లాం. పెద్దవాళ్లు ఉన్నారు కాబట్టి కళ్లు మూసుకుని గైడెడ్ టూరే తీసుకోండి.

మొదటి రోజు ఏథెన్స్ నుంచి బయల్దేరి కోరింత్ కాలువ దగ్గర కాసేపు ఆపుతారు. తర్వాత ఎపిడారస్, దారిలో నాఫ్లియో, ఆపైన మైసీని. రాత్రికి ఒలింపియా చేరతారు. రెండో రోజు పొద్దున్న ఒలింపియా చూసి, పాత్రాస్ దగ్గర సముద్రం మీది పెద్ద వంతెన దాటి డెల్ఫీ. మూడో రోజు డెల్ఫీ చూసి మెటియోరా కొండల కింద ఉన్న కలంబాకా ఊరు. నాలుగో రోజు మెటియోరా మఠాలు, థర్మోపిలే పాత యుద్ధభూమి దగ్గర చిన్న మజిలీ, అక్కడి నుంచి ఏథెన్స్. మొదటి రోజు, ఆఖరి రోజు దూరం ఎక్కువ, ఒక్కోటి 350 కిలోమీటర్ల దాకా ఉంటుంది, మధ్య రోజులు అంత కష్టం అనిపించదు.

కారు గురించి: రోడ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. కానీ స్టీరింగ్ ఎడమవైపు, కొండదారులు, పైగా ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తెచ్చుకోవాలి. అదంతా సర్దుకోవచ్చు. అసలు తేడా గైడ్. గ్రీస్‌లో పురావస్తు స్థలాల్లో వివరించేవాళ్లకి ప్రభుత్వ లైసెన్స్ ఉండాలి, మెడలో కార్డు వేసుకుంటారు. చరిత్ర, పురావస్తు శాస్త్రం శిక్షణలో భాగంగా చదువుకుని వచ్చినవాళ్లు. మా గైడ్ ఎవరు ఏం అడిగినా ఆగి చెప్పేది. మామయ్యగారు ఆవిడ పక్కనుంచి కదల్లేదు.

ఒక చిన్న విషయం. డ్రైవర్ నాలుగున్నర గంటలు నడిపాక ముప్పావు గంట ఆగి తీరాలి, యూరప్ రూల్ అది. దారిలో హోటల్ దగ్గర ఎక్కువసేపు ఆపారని కొందరు రివ్యూల్లో తిడుతుంటారు, కారణం ఇదే.

వేయిస్తంభాలు (వరంగల్)

నాన్నగారు సోషల్ మాస్టారు అన్నారు కాబట్టి నేను కాస్త ఎక్కువ రాస్తాను, మన్నించాలి. నేనూ చరిత్ర చెప్పేవాణ్ణే.

ఈ టూర్లో పెద్ద చిక్కు కాలక్రమం. పొద్దున్న ఎపిడారస్ చూపిస్తారు, అది క్రీ.పూ. 4వ శతాబ్దం. మధ్యాహ్నం మైసీని, అక్కడి సింహద్వారం సుమారు క్రీ.పూ. 1250. అంటే భోజనానికి ముందూ వెనకా దాదాపు తొమ్మిది వందల ఏళ్ల తేడా, అదీ వెనక్కి! ఇది తలకెక్కించుకోకుండా వెళ్తే అన్నీ కలిసి "పాత రాళ్లు" అయిపోతాయి. మీ ఆవిడగారికి విసుగొస్తుందేమో అన్న భయం అక్కడే నిజమవుతుంది. బయల్దేరే ముందు ఒక కాగితం మీద నాలుగే నాలుగు గీతలు గీసుకోమనండి. మైసీని కోటల కాలం, క్రీ.పూ. 1600 నుంచి 1100 వరకు. తర్వాత రాత కూడా మరిచిపోయిన కొన్ని శతాబ్దాలు. సంప్రదాయంగా మొదటి ఒలింపిక్స్‌కి చెప్పే క్రీ.పూ. 776. ఆ తర్వాత ఏథెన్స్ పార్థెనాన్ గుడి, ఒలింపియాలో గ్రీకుల పెద్ద దేవుడు జూస్ ఆలయం నిలబడిన క్రీ.పూ. 5వ శతాబ్దం. ఏ రాయి ముందు నిలబడ్డా "ఇది ఏ గీత దగ్గరిది?" అని మీలో మీరు ప్రశ్నించుకుంటే చాలు.

మైసీనిలో సింహద్వారం కింద నిలబడి పైకి చూడండి. ద్వారబంధం మీద అడ్డంగా ఓ పెద్ద రాయి, దాని మీద గోడ బరువు పడకుండా మూడుమూలల ఖాళీ వదిలారు. ఆ ఖాళీని మూయడానికి పెట్టిన పల్చటి పలక మీదే రెండు సింహాలు చెక్కారు. అలంకారంగా కనిపించేది అసలు ఇంజినీరింగ్ అవసరం. సింహాల తలలు ఇప్పుడు లేవు, వాటిని విడిగా చేసి అతికించారు, పోయాయి. ద్వారం దాటగానే కుడిపక్క గుండ్రటి ఆవరణలో 1876లో జర్మన్ పురావస్తు పరిశోధకుడు ష్లీమన్ తవ్వితే బంగారు ముసుగులు బయటపడ్డాయి. వాటిలో ఒకదానికి, కథల్లో ట్రోయ్ నగరం మీద యుద్ధానికి వెళ్లిన మైసీని రాజు పేరుతో "అగమెమ్నాన్ ముసుగు" అని పేరుపడింది కానీ అది ట్రోజన్ యుద్ధానికి చెప్పే కాలం కన్నా మూడు వందల ఏళ్ల పైగా పాతది. ముసుగు మైసీనిలో ఉండదు, ఏథెన్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉంటుంది. కాబట్టి టూర్‌కి ముందే ఏథెన్స్‌లో ఆ మ్యూజియం చూసేయండి. సమాధి గుంట చూసేసరికి అందులో ఏం దొరికిందో కళ్లముందు ఉంటుంది.

కోట కిందనే ఏట్రియస్ ఖజానా అని ఒక సమాధి. లోపల పదమూడు మీటర్ల పైచిలుకు ఎత్తు గుమ్మటం, వరస మీద వరస రాళ్లని కొద్దికొద్దిగా లోపలికి జరుపుతూ కట్టారు. వాకిలి మీది లోపలి రాయి ఒక్కటే సుమారు 120 టన్నులు. కొన్ని బస్సులు దాన్ని రోడ్డు మీద నుంచి చూపించి పోతాయి. ఆపుతారో లేదో ముందే అడగండి. ఆపని టూర్ అయితే వేరేది చూసుకోండి, నా మటుకు నేను అంత గట్టిగా చెబుతాను.

కొల్లేటికొంగ (ఏలూరు)

మాస్టారూ, క్లాసులో కూర్చున్నట్టుంది, ఇంకా రాయండి.

నల్లమలబాట గారూ, శాకాహారం గురించి అస్సలు టెన్షన్ వద్దు. గ్రీకువాళ్ల దగ్గర ఉపవాసం వంట అని ఒకటి ఉంది, "నిస్టీసిమా" అంటారు. ఈస్టర్ ముందు ఉపవాస రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు ఏవీ లేకుండా వండుకుంటారు. ఏప్రిల్‌లో వెళ్తున్నారు కాబట్టి మీకు బాగా దొరుకుతుంది. కానీ ఒక జాగ్రత్త: ఆ ఉపవాసంలో రొయ్యలు, ఆక్టోపస్, కాలమారి లాంటివి తినొచ్చు. కాబట్టి నిస్టీసిమా అన్నంత మాత్రాన అమ్మగారి పళ్లెంలో అవి రావని నమ్మకం లేదు. విడిగా చెప్పుకోవాలి.

అన్నంతో కూరిన టమాటాలు, క్యాప్సికం ఉంటాయి, "గెమిస్తా". కొన్నిచోట్ల అందులో కీమా కలుపుతారు, అడిగి తీసుకోండి. పసుపు పప్పుని మెత్తగా ఉడికించి పైన ఉల్లిపాయ, ఆలివ్ నూనె వేసే "ఫావా" మా ఇంట్లో అందరికీ నచ్చింది. పెద్ద చిక్కుడు గింజల్ని టమాటాతో కలిపి ఓవెన్లో పెట్టే "యిగాండెస్", ఉడికించిన ఆకుకూర మీద నిమ్మరసం పిండే "హోర్తా" కూడా అమ్మగారికి సరిపోతాయి. పెరుగైతే అమృతమే. టూర్ హోటళ్లలో రాత్రి భోజనం బఫే ఉంటే పర్వాలేదు. సెట్ మెనూ అయితే మాత్రం బుకింగ్ అప్పుడే రాతపూర్వకంగా శాకాహారం అని పెట్టించండి, అక్కడికెళ్లి చెబితే వాళ్లు ఆమ్లెట్ తెస్తారు.

పల్నాటిగట్టు (మాచర్ల)

ఎపిడారస్ నాటకశాల గురించి ఎవరూ రాయలేదేంటి? కింద మధ్యలో కాగితం చింపితే ఆఖరి వరసలో వినపడుతుందంటారు. నిజమేనా?

రైన్‌తీరం (జర్మనీ)

మా గైడ్ చేసి చూపించింది. నేను సగం మెట్ల దాకా ఎక్కాను, చప్పుడు వినపడింది. మొత్తం 55 వరసలు, పన్నెండు వేల మందికి పైగా పట్టే నాటకశాల. ఇప్పటికీ ఎండాకాలంలో పాత గ్రీకు నాటకాలు అక్కడ ఆడతారు, అదీ మైకులు లేకుండా ఆడిన సంప్రదాయం ఉన్న చోటు. కూర్చున్న రాయి వేడిగా, అంచు అరిగిపోయి నున్నగా ఉంది. చెయ్యి పెట్టి తడిమితే పక్క వరసలో ఉన్నవాళ్లు కూడా అదే పని చేస్తున్నారు.

ఎర్రమట్టిదిబ్బలు (విశాఖపట్నం)

నేను సౌండ్ ఇంజినీరింగ్ వైపు మనిషిని, ఇందులో కొంచెం తల దూరుస్తాను. 2007లో అమెరికాలో జార్జియా టెక్ వాళ్లు లెక్కలు కట్టి చెప్పింది ఏమిటంటే, ఆ సున్నపురాయి మెట్ల వరసలే ఫిల్టర్‌లా పనిచేస్తాయి. జనం గుసగుసలు, గాలి రొద లాంటి తక్కువ పౌనఃపున్యం శబ్దాల్ని అణిచేసి, గొంతులోని ఎక్కువ పౌనఃపున్యాల్ని వెనక్కి పంపుతాయి. 2017లో నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్ యూనివర్సిటీ వాళ్లు మైకులు పెట్టి కొలిచారు. నాణెం పడ్డ చప్పుడు, కాగితం చింపిన చప్పుడు పై వరసల దాకా చేరతాయి కానీ అది ఏమి చప్పుడో గుర్తుపట్టేది సగం దాకానే. గుసగుసలు ముందు వరసలవాళ్లకి మాత్రమే అర్థమవుతాయి. గట్టిగా, నటుడిలా పలికితే ఆఖరి వరస దాకా మాట స్పష్టంగా చేరుతుంది.

నాకైతే ఇది ఇంకా గొప్పగా అనిపించింది. మంత్రం ఏమీ లేదు, నటుడి గొంతు కోసం కట్టిన కట్టడం. తన పని తాను సరిగ్గా చేస్తోంది.

పల్నాటిగట్టు (మాచర్ల)

థాంక్స్ అండీ, బాగా విడమరిచి చెప్పారు. నేనెందుకు అడిగానంటే మా పక్కనే, నాగార్జునసాగర్ దగ్గర అనుపులో ఇక్ష్వాకుల కాలం నాటి మెట్ల రంగస్థలం ఉంది. నాలుగువైపులా మెట్లు, మధ్యలో దీర్ఘచతురస్రపు స్థలం. చిన్నప్పుడు స్కూలు నుంచి తీసుకెళ్లినప్పుడు అక్కడా మాట బాగా వినపడుతుందని చెప్పారు. క్రీ.శ. 3వ శతాబ్దం. మనదేశంలో ఇలాంటి కట్టడాలు అరుదు. రోమన్ల, గ్రీకుల ప్రభావం అని కొందరంటారు, నాగార్జునకొండలో రోమన్ నాణేలు కూడా దొరికాయి. నల్లమలబాట గారి నాన్నగారు ఎపిడారస్ వెళ్లే ముందు ఒకసారి అనుపు చూసి వెళ్తే బాగుంటుంది.

వేయిస్తంభాలు (వరంగల్)

మంచి మాట గుర్తుచేశారు. అయితే రెంటి పరిమాణం, ఆకారం వేరు. ఎపిడారస్‌ది కొండవాలుని వాడుకుని విసనకర్రలా విచ్చుకున్న అర్ధవలయం, అనుపుది చిన్న దీర్ఘచతురస్రపు ప్రాంగణం. ప్రభావం ఉందా అన్నది తేలిన విషయం కాదు. సంబంధం తేలినా తేలకపోయినా, రెండూ చూసిన కళ్లకి లాభమే.

గ్రీకులకి మన ఆంధ్రుల పేరు మాత్రం తెలుసు. చంద్రగుప్త మౌర్యుడి కొలువుకి వచ్చిన మెగస్తనీస్ సమాచారం ఆధారంగా రోమన్ రచయిత ప్లినీ ఆంధ్రులకి కోటగోడలున్న 30 పట్టణాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయని రాశాడు. నాన్నగారు ఈ సంగతి బహుశా పిల్లలకి చెప్పే ఉంటారు.

తుంగభద్ర (కర్నూలు)

మోకాళ్ల సంగతి నేను చెబుతాను. మా అమ్మకి ఆపరేషన్ అయిన కాలితో వెళ్లాం.

ఒలింపియా దాదాపు చదును నేల, చెట్ల నీడ, హాయిగా నడవొచ్చు. ఎపిడారస్‌లో కింద నిలబడి చూస్తే చాలు, పైకి ఎక్కక్కర్లేదు. మైసీనిలో సింహద్వారం దాకా వాలు, మెల్లిగా వెళ్లొచ్చు, పైన రాజభవనం దాకా వద్దు. డెల్ఫీ కష్టం. కొండ మీద మలుపులు తిరుగుతూ ఎక్కాలి. అపోలో ఆలయం దాకా ఎక్కి అక్కడ ఆపేయండి, నాటకశాల, స్టేడియం వదిలేయండి. కింద మ్యూజియం చదునుగా ఉంటుంది, అమ్మగారు అక్కడ ఎక్కువసేపు గడపొచ్చు.

మెటియోరాలో ఆరు మఠాల్లో ఇప్పటికీ సన్యాసులు, సన్యాసినులు ఉంటున్నారు. కొన్నిటికి వందల మెట్లు. సెయింట్ స్టీఫెన్ మఠానికి మాత్రం మెట్లు ఎక్కే పనే లేదు, రోడ్డు నుంచి చిన్న వంతెన దాటితే లోపలే. మీ టూర్లో అది ఉందా అని అడగండి. ఆడవాళ్లు ప్యాంట్లతో వెళ్తే గుమ్మం దగ్గర కట్టుకోవడానికి గుడ్డ ఇస్తారు, చీర, పంజాబీ డ్రెస్ అయితే ఏ గొడవా లేదు. ఒక్కో మఠానికి ఒక్కో సెలవు రోజు ఉంటుంది, అది కూడా చూసుకోండి.

ఏథెన్స్‌లో అక్రోపొలిస్‌కి నడవలేనివాళ్ల కోసం లిఫ్ట్ ఉంది. పార్థెనాన్ ఉన్న ఆ గుట్టకి ఉత్తరం వైపున. ముందు ఫోన్ చేసి కనుక్కోండి, గాలి ఎక్కువ ఉన్న రోజు ఆపేస్తారు. పాలరాయి నేల అరిగి అరిగి జారుతుంది, రబ్బరు అడుగున్న బూట్లు తప్పనిసరి. చెప్పులు వద్దే వద్దు.

గోస్తని (విజయనగరం)

నా అభిప్రాయం వేరు. మెటియోరా తీసేయండి. అది మధ్యయుగపు క్రైస్తవ మఠాలు, 14వ శతాబ్దం నాటివి. చూడ్డానికి అద్భుతమే, రాతి స్తంభాల మీద కట్టిన మఠాలు. కానీ ప్రాచీన గ్రీస్ కోసం వెళ్తూ అంత దూరం బస్సులో కూర్చోవడం ఎందుకు? మూడు రోజుల టూర్ తీసుకుని, మిగిలిన రోజు నాఫ్లియోలో ఉండండి. స్వతంత్ర గ్రీస్‌కి మొదటి రాజధాని అదే, 1834 దాకా. సముద్రం మధ్యలో బుర్ట్జీ కోట, పైన పలమిడి కోట, మధ్యలో చిన్న చిన్న సందులు. అమ్మానాన్నలకి అది విశ్రాంతి.

మా టూర్ అయితే డెల్ఫీ మ్యూజియంకి అరగంట ఇచ్చి, తర్వాత ఒక సిరామిక్ దుకాణంలో గంట కూర్చోబెట్టింది. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. డబ్బు కట్టే ముందు ఏ చోట ఎంతసేపు అని అడగండి, ప్రవేశ టికెట్లు టూర్ ధరలో ఉన్నాయా లేవా అని కూడా. అక్రోపొలిస్ ఒక్కటే 2025 నుంచి 30 యూరోలు, పైగా టైం స్లాట్ ప్రకారం. నలుగురికి ఎంతవుతుందో లెక్క వేసుకోండి.

రైన్‌తీరం (జర్మనీ)

గోస్తని గారూ, మెటియోరా విషయంలో నేను ఒప్పుకోలేను. మా అత్తయ్యగారికి మొత్తం ట్రిప్‌లో అదే నచ్చింది. 1920లలో మెట్లు చెక్కేదాకా సన్యాసులు తాళ్లతో కట్టిన వలల్లో కూర్చుని పైకి వెళ్లేవాళ్లు, సామాన్లు కూడా అలాగే. ఆ కప్పీ ఇంకా ఉంది. భక్తి ఉన్నవాళ్లకి ఆ చోటు వేరేగా తాకుతుంది, ఏ దేవుడైనా. నల్లమలబాట గారి అమ్మగారు ఎలాంటివారో ఆయనే చెప్పాలి.

నాఫ్లియో మీరు చెప్పినదానికి వంద శాతం ఒప్పుకుంటాను. సెలవు దొరికితే టూర్ అయ్యాక ఏథెన్స్ నుంచి బస్సులో వెళ్లి ఒక రాత్రి ఉండొచ్చు.

నల్లమలబాట (హైదరాబాద్)

అందరికీ ధన్యవాదాలు, ఇంత సమాచారం వస్తుందనుకోలేదు. అమ్మకి గుళ్లు, మఠాలు అంటే ప్రాణం, కాబట్టి మెటియోరా ఉంచేస్తున్నాను. నాన్న మీ పోస్టులన్నీ చదివించుకుని విన్నారు. ఆయన ప్రశ్న: ఒలింపియా, డెల్ఫీల్లో "తప్పకుండా ఇది చూడు" అని మాస్టారు ఏం చెబుతారు?

వేయిస్తంభాలు (వరంగల్)

నాన్నగారికి నా నమస్కారాలు.

ఒలింపియాలో స్టేడియంలోకి వెళ్లే దారి పక్క ఎడమవైపు రాతి దిమ్మెల వరస ఉంటుంది. ఎవరూ ఆగరు. వాటి మీద ఒకప్పుడు కంచు జూస్ విగ్రహాలు ఉండేవి. పోటీల్లో మోసం చేసినవాళ్లకి వేసిన జరిమానా డబ్బుతో చేయించినవి. క్రీ.పూ. 388లో ఒక బాక్సర్ ప్రత్యర్థులకి లంచం ఇచ్చి దొరికిపోయాడు, అప్పటి నుంచి మొదలు. పోటీకి వెళ్లే ప్రతి ఆటగాడూ ఆ వరస పక్క నుంచే నడిచి లోపలికి వెళ్లేవాడు. లోపల ప్రారంభ రేఖ రాళ్లు ఇంకా ఉన్నాయి, కాలివేళ్లు ఆనించడానికి రెండు సన్నటి చాళ్లు చెక్కి. అక్కడి నుంచి అవతలి గీతకి 192 మీటర్లు. నాన్నగారు అక్కడ నిలబడి ఒక ఫొటో దిగాలి.

జూస్ ఆలయం 6వ శతాబ్దపు భూకంపాల్లో కూలింది. స్తంభాల ముక్కలు ఎలా దొర్లాయో అలాగే వరసగా పడి ఉన్నాయి. ఇందులో ఉండే బంగారం, ఏనుగు దంతం పొదిగిన విగ్రహం పన్నెండు మీటర్ల పైన ఎత్తు, ప్రపంచ ఏడు వింతల్లో ఒకటి, చేసింది శిల్పి ఫీడియస్. విగ్రహం పోయింది. కానీ దాన్ని చేసిన వర్క్‌షాప్ గోడలు ఆలయానికి ఎదురుగానే ఉన్నాయి, ఆ తర్వాత చర్చిగా మార్చారు కాబట్టి నిలిచాయి. లోపలి కొలతలు ఆలయం గర్భగుడికి సమానంగా కట్టుకున్నాడు, పని అక్కడే జరిగి తీరాలి కదా. బట్టల మడతలు పోతపోసే మట్టి అచ్చులు కూడా దొరికాయి.

డెల్ఫీలో జనం అంతా పైకి చూస్తూ ఎక్కుతారు. అపోలో ఆలయం కింద గోడ ఒకటి ఉంటుంది, పలురకాల కోణాల్లో రాళ్లని ఒకదానికొకటి బిగించిన గోడ. దగ్గరికి వెళ్తే ఆ రాళ్లనిండా సన్నటి అక్షరాలు. బానిసలని విడుదల చేసిన పత్రాలు అవి, వందల కొద్దీ. యజమాని బానిసని అపోలోకి "అమ్మినట్టు" రాస్తే విడుదల అన్నమాట. పేరు, ధర, సాక్షులు అన్నీ ఉంటాయి. అపోలో గుడిలో చెప్పే జోస్యం కోసం వచ్చిన రాజుల కథలు మనకి తెలుసు. లిడియా రాజు క్రోసస్ "యుద్ధానికి వెళ్తే ఒక మహా సామ్రాజ్యం కూలుతుంది" అన్న మాట విని పర్షియా మీదకి వెళ్లి తన సామ్రాజ్యాన్నే పోగొట్టుకున్నాడని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ చెబుతాడు. కానీ ఆ గోడ మీద ఉన్నది మామూలు మనుషుల పేర్లు. గైడ్‌ని అక్కడ రెండు నిమిషాలు ఆపమని అడగండి.

మ్యూజియంలో కంచు రథసారథి విగ్రహం చివరి గదిలో ఉంటుంది. కనురెప్పల వెంట్రుకలు రాగి తీగలతో పెట్టారు, కళ్లు పొదిగారు. క్రీ.పూ. 373 భూకంపంలో కొండచరియల కింద పడిపోవడం వల్ల ఎవరూ కరిగించలేదు, 1896లో దొరికింది. విగ్రహానికి ఎదురుగా కాక పక్కనుంచి నడిచి చూడండి, మెడ వంపు కనిపిస్తుంది.

పల్నాటిగట్టు (మాచర్ల)

డెల్ఫీలో ఊరినే లేపేశారని విన్నాను, నిజమా?

వేయిస్తంభాలు (వరంగల్)

నిజమే. శిథిలాల మీద కాస్త్రీ అనే ఊరు ఉండేది. ఫ్రెంచి పురావస్తు బృందం 1892లో తవ్వకం మొదలుపెట్టే ముందు ఆ ఊరిని పక్కకి తరలించి ఇప్పుడున్న డెల్ఫీ ఊరు కట్టించారు. మీరు అడిగిన ఉద్దేశం నాకర్థమైంది. అక్కడ తవ్వకం కోసం ఊరు కదిలింది. నాగార్జునకొండలో ప్రాజెక్టు నీళ్లు వస్తాయని 1954 నుంచి 1960 వరకు హడావిడిగా తవ్వి, కొన్ని కట్టడాల్ని రాయి రాయిగా కొండ మీదికి, అనుపుకి తరలించారు. మిగతా లోయ నీళ్లలో ఉంది. డెల్ఫీ మ్యూజియంలో ఉన్నంతసేపూ నేను దాని గురించే ఆలోచించాను.

కొల్లేటికొంగ (ఏలూరు)

వీసా గురించి ఒక ముక్క. గ్రీస్ షెంగెన్ దేశం, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకే వీసా. 15 రోజులు ముందు కాకుండా కనీసం రెండు నెలల ముందు స్లాట్ చూసుకోండి, ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు. ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, 30,000 యూరోల కవరేజ్ ఉన్న ప్రయాణ బీమా తప్పనిసరి. అమ్మానాన్నల మోకాళ్లు, బీపీ లాంటివి బీమాలో దాచకుండా రాయండి.

రైన్‌తీరం (జర్మనీ)

తేదీలు వేసేటప్పుడు ఆర్థడాక్స్ ఈస్టర్ చూసుకోండి, మన క్యాలెండర్లో ఉండే ఈస్టర్ వేరే రోజు పడొచ్చు. 2026లో ఏప్రిల్ 12, 2027లో మే 2. ఆ ఆదివారం పురావస్తు స్థలాలు మూసేస్తారు, మే 1న, మార్చి 25న కూడా. కానీ ఈస్టర్ ముందు శుక్రవారం రాత్రి ఊళ్లలో ఊరేగింపులు చూడాల్సినవి. వీలైతే ఆ రాత్రి కలంబాకాలో పడేలా చూసుకోండి, అమ్మగారికి తప్పకుండా నచ్చుతుంది.

ఎర్రమట్టిదిబ్బలు (విశాఖపట్నం)

పాత్రాస్ దగ్గర వంతెన గురించి నాన్నగారికి ఒక మాట. 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్ ముందు తెరిచారు, 2,880 మీటర్లు. భూకంపాల ప్రాంతం కాబట్టి స్తంభాల్ని సముద్రం అడుగున పాతలేదు, పరిచిన కంకర మీద ఊరికే నిలబెట్టారు. భూమి కదిలితే అవీ కాస్త జరుగుతాయి, విరగవు. బస్సు దాటేటప్పుడు కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే కోరింత్ గల్ఫ్ బాగా కనిపిస్తుంది.

నల్లమలబాట (హైదరాబాద్)

బుక్ చేశాను. నాలుగు రోజుల టూర్, సెయింట్ స్టీఫెన్ మఠం ఉంది, ఏట్రియస్ ఖజానా దగ్గర ఆపుతామని మెయిల్లో రాసిచ్చారు, దుకాణం మజిలీ లేదన్నారు. శాకాహారం కూడా రాతలో తీసుకున్నాను. టూర్‌కి ముందు రోజు ఏథెన్స్ జాతీయ మ్యూజియం. నాన్న నాలుగు గీతల కాగితం అప్పుడే గీసేసి, పక్కన మన శాతవాహనుల గీత కూడా కలిపారు. ఆయన చివరి ప్రశ్న: ఫీడియస్ వాడిన వస్తువులు ఏమైనా ఒలింపియా మ్యూజియంలో ఉన్నాయా?

వేయిస్తంభాలు (వరంగల్)

శాతవాహనుల గీత చాలా మంచి ఆలోచన.

ఉన్నాయి. వర్క్‌షాప్‌లో దొరికిన ఒక చిన్న నల్ల మట్టి కప్పు అక్కడే ఉంది. అడుగున "నేను ఫీడియస్‌దాన్ని" అని గీరి ఉంటుంది. అద్దాల పెట్టెలో అచ్చుల పక్కనే పెట్టారు, చిన్నది కాబట్టి వెతుక్కోవాలి.